దయ్యాలు, ఆత్మీయ పోరాటం: పాస్టరుగా నేను వినే అపోహలు, చెప్పే వాస్తవాలు

దయ్యాలున్నాయా అని అడిగితే ఉన్నాయనే చెబుతాను. బైబిలును నమ్మే పాస్టరు మరోలా చెప్పలేడు. అయితే చిత్తూరు చుట్టుపక్కల సంఘాల్లో దయ్యాల పేరుతో చలామణీ అయ్యే మాటల్లో చాలావాటికి ఆ బైబిలులోనే చోటు లేదు. ప్రార్థన కోసం వచ్చేవారి నోట తరచూ వినేవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: బావిలో దూకినవారు, కాన్పులో పోయినవారు దయ్యాలై పట్టుకుంటారు.

ఇది మన ఊళ్ల నమ్మకం. హెబ్రీయులకు రాసిన పత్రిక 9:27 ప్రకారం మనిషి చనిపోయేది ఒక్కసారే, ఆ తరువాత తీర్పే. సువార్తల్లోని దయ్యాలు అపవిత్రాత్మలు, చనిపోయిన మనుషులని అక్కడ ఎక్కడా లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో, ఆ బిడ్డే వచ్చి ఇంట్లోవాళ్లను పీడిస్తోందని చెప్పేవారిని నేను క్షమించలేను.

అపోహ: మూర్ఛ వచ్చినా, తనలో తాను మాట్లాడుకుంటున్నా దయ్యమే. ఆసుపత్రికి వెళ్తే విశ్వాసం లేనట్టే.

మత్తయి 4:24 చదవండి. యేసు దగ్గరికి తెచ్చినవారిలో దయ్యం పట్టినవారు, చాంద్రరోగులు, పక్షవాతం వచ్చినవారు వేర్వేరుగా కనిపిస్తారు. చాంద్రరోగమంటే నేటి మాటలో మూర్ఛే. అదే మత్తయి 17వ అధ్యాయంలో, మూర్ఛతో నిప్పుల్లో, నీళ్లలో పడిపోయే బాలుడిలో దయ్యం ఉందని రాసి ఉంది. ఆ వచనాన్ని దాచిపెట్టి వాదించను. కానీ ఒక్క బాలుడి సంగతి పట్టుకుని మూర్ఛ రోగులందరికీ దయ్యాన్ని అంటగట్టే హక్కు మనకెవరిచ్చారు? పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. కడుపు జబ్బుతో బాధపడే తన శిష్యుడు తిమోతికి పౌలు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడే కానీ దయ్యాన్ని గద్దించలేదు. బైబిలు చేతపట్టి మన ప్రాంతానికి వచ్చిన మిషనరీలు ఏం కట్టారో చూడండి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి తెరిచారు. చిత్తూరుకు పక్కనే ఉన్న వేలూరులో మిషనరీ వైద్యురాలు ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టారు. ఆమెకు విశ్వాసం తక్కువని ఎవరైనా అంటారా?

అందుకే మూర్ఛ, రోజుల తరబడి నిద్ర లేకపోవడం, చెవిలో ఎవరో మాట్లాడుతున్నారనడం వంటివి ఉంటే ముందు డాక్టరుకు చూపించమంటాను, ప్రార్థన ఆ దారిలోనే చేస్తాను. బాలింత ఉన్నట్టుండి వింతగా మాట్లాడుతుంటే ఉపవాస ప్రార్థన కూటం దాకా ఆగకూడదు, అది అత్యవసరం. తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రమాదం. ఎవరిని అడగాలో తెలియకపోతే మానసిక ఆరోగ్య సలహాలకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి, డబ్బు కట్టక్కర్లేదు. మాత్రలు మానేస్తేనే స్వస్థత అనే బోధకుడు కనిపిస్తే అక్కడినుంచి లేచి రండి.

అపోహ: కట్టేసి, కొట్టి, వేపమండలతో బాదితేనే వదులుతుంది.

మార్కు 5వ అధ్యాయంలో సేన అనే దయ్యాల గుంపు పట్టిన మనిషిని గొలుసులతో కట్టింది ఊరివాళ్లు. యేసు ఒక్క దెబ్బ వేయలేదు. చివరికి అతను బట్టలు కట్టుకుని, స్వస్థచిత్తంతో కూర్చుని ఉన్నాడు, ఇంటికి వెళ్లమని యేసు పంపించాడు. పైగా మానసిక రోగులను గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

అపోహ: ఎంత గట్టిగా అరిస్తే సాతాను అంత భయపడతాడు.

అరణ్యంలో శోధన ఎదురైనప్పుడు యేసు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండంలోని మాటే చెప్పాడు. మైకు లేదు.

అపోహ: ఆత్మీయ పోరాటమంటే అన్యమతస్థులతో పోరాటం.

తిరుపతి పరిసరాల్లో బతికే మనకు ఇది పుస్తకాల్లో ప్రశ్న కాదు. కొండకు వెళ్లొచ్చిన పక్కింటి అక్క లడ్డు తెచ్చి చేతిలో పెడుతుంది. కొందరు విశ్వాసులు ఆమె కళ్లముందే మొహం తిప్పుకుంటారు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయంలో విగ్రహార్పితాన్ని తినవద్దనే అంటాడు. అదే అధ్యాయంలో, అవిశ్వాసి భోజనానికి పిలిస్తే ఆరా తీయకుండా వడ్డించింది తినమనీ అంటాడు. తినకపోవడం మీ మనస్సాక్షి. వద్దని చెప్పే తీరు మాత్రం మీ సంస్కారం. ఎఫెసీయులకు రాసిన పత్రిక 6:12 మన పోరాటం శరీరులతో, అంటే మనుషులతో, కాదని ముందే తేల్చింది. ఆ తర్వాత వచ్చే సర్వాంగ కవచంలో సత్యం, నీతి, విశ్వాసం ఉన్నాయి, పొరుగింటి మీద విసరడానికి రాయి ఒక్కటీ లేదు.

అపోహ: ప్రత్యేక నూనె కొని రాస్తే, వరమున్న దైవజనుడికి కానుక ఇస్తే విడుదల.

"దయ్యములను వెళ్లగొట్టుడి" అన్న మత్తయి 10:8లోనే "ఉచితముగా పొందితిరి ఉచితముగా ఇయ్యుడి" అని ఉంది. నూనె సీసాకు ధర కట్టేవారు సగం వచనం దగ్గరే పుస్తకం మూసినట్టున్నారు. కతోలిక సంఘంలోనైతే బిషప్పు ప్రత్యేక అనుమతి లేకుండా ఏ గురువూ దయ్యాలను వెళ్లగొట్టే కర్మ చేయకూడదు. మా సంఘాల్లో అంతటి కట్టడి లేదు కనుక నా కట్టడి నేనే పెట్టుకున్నాను. ఇంటివాళ్ల ఎదుట, తలుపులు తెరిచి, సంఘపెద్దలతో కలిసి ప్రార్థన చేస్తాను. స్త్రీ అయితే తలమీద చేతులుంచి ప్రార్థించేది స్త్రీలే. ఫోనులో వీడియో తీయనివ్వను.