యూనిఫాం తప్పనిసరి చేసే ముందు రెండో జత సంగతి చూడండి: అపోహలు - వాస్తవాలు

జూన్‌లో బడులు తెరవగానే యూనిఫాం మీద వాదన కూడా మొదలవుతుంది. ఉండాలనేవాళ్లు క్రమశిక్షణ అంటారు, అక్కర్లేదనేవాళ్లు స్వేచ్ఛ అంటారు. పంపిణీ, కుట్టు, హాజరు పట్టీ చూసేవాళ్లకు ఈ రెండు మాటలూ అంతగా పనికిరావు. ఎన్ని జతలు ఇచ్చారు, ఏ గుడ్డ, ఏ నెలలో చేతికొచ్చింది అన్నదాన్ని బట్టే ఆ నియమం పిల్లలకు మేలో కీడో తేలుతుంది. మా మాట సూటిగా చెప్పాలంటే, యూనిఫాం ఉండొచ్చు, తప్పనిసరి కూడా చేయొచ్చు. కాకపోతే రెండో జత పిల్లల చేతికి అందిన తర్వాతే.

అపోహ: అందరూ ఒకే బట్టలు వేసుకుంటే ఉన్నవాళ్లు, లేనివాళ్లు అన్న తేడా కనబడదు.

సగమే నిజం. రోజుకో కొత్త డ్రెస్సు వేసుకొచ్చే పోటీ తగ్గుతుంది, అది చిన్న మేలేమీ కాదు. కానీ పిల్లలు ఒకరినొకరు కాలరు చూసి, బూట్లు చూసి, బ్యాగు జిప్పు చూసి ఇట్టే అంచనా వేస్తారు. ఆగస్టుకల్లా కాలరు అంచు పీచులు లేచిన చొక్కా ఎవరిదో తరగతిలో అందరికీ తెలుసు. అది ఒక్క జతే ఉన్న పిల్లవాడిది.

లెక్క వేసి చూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకు ఏడాదికి కనీసం 200, ఆరు నుంచి ఎనిమిదికి 220 పనిదినాలు ఉండాలి. ఒక్క జతే ఉంటే అది 220 సార్లు ఒంటి మీదికి ఎక్కుతుంది, దాదాపు అన్నిసార్లూ నీళ్లలో పడుతుంది. రెండు జతలుంటే ఒక్కోటి 110 సార్లు, మూడుంటే 73 సార్లు. ముందు పోయేవి కాలరు మడత, ప్యాంటు సీటు, మోకాళ్లు. వానాకాలంలో ఇంకో చిక్కు. రాత్రి ఉతికిన మందపాటి ప్యాంటు తెల్లారేసరికి ఆరదు. అప్పుడు పిల్లవాడు తడి బట్టలతో రావాలి, లేదా ఇంట్లో ఉండిపోవాలి. 'జ్వరం' అని సెలవు చెప్పిన రోజుల్లో కొన్ని ఇవే.

కెన్యాలో ఈ విషయాన్ని పద్ధతిగా పరీక్షించారు. అక్కడ యూనిఫాం తల్లిదండ్రులే కొనాలి. ఉచితంగా ఇచ్చిన చోట పేద పిల్లల గైర్హాజరు తగ్గింది, మధ్యలో బడి మానేయడమూ తగ్గింది. అంటే కుటుంబం మీద పడే ఖర్చు తీసేయడం వల్ల వచ్చిన ఫలితమిది. 'తప్పనిసరి' అని బోర్డు పెట్టినంత మాత్రాన వచ్చేది కాదు.

అపోహ: యూనిఫాం పెడితే మార్కులు, క్రమశిక్షణ పెరుగుతాయి.

దీనికి గట్టి ఆధారం లేదు. అమెరికాలో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ నగరం 1994లో ప్రభుత్వ బడుల్లో, కింది తరగతులకు యూనిఫాం తప్పనిసరి చేసింది. గొడవలు తగ్గాయని అప్పట్లో బాగా ప్రచారం జరిగింది. అయితే 1998లో వచ్చిన ఒక విస్తృత అధ్యయనం హాజరులోగానీ ప్రవర్తనలోగానీ యూనిఫాం వల్ల మెరుగుదల కనబడలేదని తేల్చింది. మన దగ్గర పదో తరగతి ఫలితాలు బాగున్న బడుల్లో టై కట్టేవీ ఉన్నాయి, కట్టనివీ ఉన్నాయి. విహారయాత్రలోనో రోడ్డు దాటేటప్పుడో మన పిల్లలెవరో గుర్తుపట్టడానికి యూనిఫాం బాగా పనికొస్తుంది. అంతవరకే దాని గొప్పతనం.

అపోహ: ప్రభుత్వ బడుల్లో ఉచితంగా ఇస్తారు కాబట్టి ఇంటికి ఖర్చు లేదు.

సమగ్ర శిక్ష పథకం కింద కేంద్రం లెక్క, ఒక్కో విద్యార్థికి ఏడాదికి రెండు జతలకు కలిపి రూ.600. ఎనిమిదో తరగతి వరకు ఆడపిల్లలందరికీ, మగపిల్లల్లో ఎస్సీ, ఎస్టీ, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకే ఇది వర్తిస్తుంది. మిగతావాళ్లకు ఇవ్వాలంటే రాష్ట్రమే భరించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 అక్టోబరు 8న మొదలైన విద్యా కానుక పథకంలో మూడు జతల గుడ్డ ఇచ్చి, కుట్టుకూలి తల్లుల ఖాతాల్లో వేశారు. మూడు జతలకు కలిపి ఎనిమిదో తరగతి వరకు రూ.120, తొమ్మిది, పది తరగతులకు రూ.240. తెలంగాణలో కుట్టే పని మహిళా సంఘాలకు అప్పగించి, 2024లో జతకు రూ.50 ఉన్న కూలిని రూ.75 చేశారు.

జతకు నలభై రూపాయలకు ఏ ఊళ్లోనూ దర్జీ మిషను ఎక్కడు. మిగతాది ఇంట్లోవాళ్లే పెట్టుకోవాలి. గుడ్డ చేతికొచ్చినా కుట్టించడం దసరా దాకా వాయిదా పడటానికి ముఖ్య కారణం ఇదే, తల్లిదండ్రుల నిర్లక్ష్యం కాదు.

మహిళా సంఘాలు ఒక్కసారిగా వేల జతలు కుట్టే చోట బాధ వేరు. తరగతిని బట్టి సైజు వేస్తే ఏడో తరగతిలో నాలుగడుగుల పిల్లవాడికీ, అయిదున్నర అడుగుల పిల్లవాడికీ ఒకే ప్యాంటు వస్తుంది. కొలతలు తీసిన రోజు బడికి రానివాళ్లకు పక్కవాడి కొలతే రాసేస్తారు. కూలి తక్కువ కాబట్టి కుట్టు పొడవు పెంచి పని తొందరగా ముగిస్తారు. అంగుళానికి పది, పన్నెండు కుట్లు పడాల్సిన చోట ఏడే పడతాయి. అలాంటి ప్యాంటు పిల్లవాడు గొంతుకూర్చున్న మొదటి రోజే సీటు దగ్గర విడిపోతుంది.

జతలు దిగగానే బడిలో చేయాల్సిన పరీక్షకు పది నిమిషాలు చాలు. కట్టల్లోంచి అక్కడొకటి ఇక్కడొకటి తీసి లోపలి వైపు తిప్పండి. సీటు కుట్టు రెండు వరసలుందా? అంచు పోగులు లేవకుండా ఓవర్‌లాక్ కుట్టు వేశారా? కాజాల అంచులు పీచులు లేస్తున్నాయా? గుండీని పట్టుకుని గట్టిగా లాగితే ఊడి చేతికొస్తుందా? పక్క కుట్ల దగ్గర మార్జిన్, అంటే లోపల మిగిల్చే గుడ్డ, ఎంత వదిలారు? లోపం కనబడితే పంచకముందే వెనక్కి పంపండి. పంచేశాక ఎవరూ తీసుకోరు.

అపోహ: పిల్లలు పెరుగుతారు కాబట్టి రెండు సైజులు పెద్దది కుట్టించాలి.

ఇలా చేస్తే మొదటి ఏడాది భుజాలు జారిపోతాయి, రెండో ఏడాదికి సరిపోయేసరికి గుడ్డ పాతదైపోతుంది. పెంచాల్సింది సైజు కాదు, లోపలి మార్జిన్. ఆరు నుంచి పదేళ్ల వయసులో పిల్లలు ఏడాదికి సుమారు 5, 6 సెంటీమీటర్లు, అంటే రెండంగుళాలకు అటూఇటూగా, పెరుగుతారు. ఎదిగే వయసు పిల్లలు ఒక్కోసారి ఏడాదిలో మూడంగుళాలు దాటిపోతారు. కాబట్టి ప్యాంటు కింది మడత చిన్నవాళ్లకు రెండంగుళాలు, ఏడు నుంచి తొమ్మిది తరగతుల వాళ్లకు మూడంగుళాలు ఉండాలి. పక్క కుట్ల దగ్గర ఒక్కో వైపు అంగుళం వదలాలి. చొక్కాకు ఛాతీ కొలత మీద నాలుగంగుళాల లూజు చాలు. ప్యాంటు నడుముకు వెనక వైపు మాత్రం ఎలాస్టిక్ వేస్తే ముందు భాగం చదునుగా ఉంటుంది, రెండంగుళాల దాకా సర్దుకుంటుంది.

మడత విప్పినప్పుడు పాత గీత తెల్లగా కనబడుతుందని చాలామంది విప్పడానికే వెనకాడతారు. ఆ గీత మీదే ప్యాంటు రంగు దారంతో మిషను కుట్టు ఒకటి వేయిస్తే అంతగా తెలియదు. పదేళ్ల పిల్లవాడి ప్యాంటుకు 58 అంగుళాల పన్నా (వెడల్పు) సూటింగ్ మీటరు, పొట్టి చేతుల చొక్కాకు 36 అంగుళాల పన్నా షర్టింగ్ మీటరున్నర సరిపోతాయి. అంతకంటే బాగా ఎక్కువ తెమ్మంటే ఎందుకని అడగండి. మిగిలిన ముక్కలు తప్పకుండా వెనక్కి తీసుకోండి, చిరుగులకు ఆ రంగు గుడ్డ మళ్లీ దొరకదు.

అపోహ: నూరు శాతం కాటనే మంచిది, పాలిస్టర్ కలిస్తే పిల్లల ఒంటికి పడదు.

నూరు శాతం పాలిస్టర్ మన ఎండలకు నిజంగానే పనికిరాదు. చెమట పీల్చదు, చంకల్లో, మెడ చుట్టూ ఒరుసుకుపోతుంది. ఒంటిపూట బడుల కాలంలో పన్నెండు గంటలకు నడిచి ఇంటికెళ్లే పిల్లల చొక్కా చూస్తే చాలు. అలాగని అచ్చం కాటను తెల్లచొక్కా రోజూ ఉతికి ఇస్త్రీ చేసే తీరిక కూలికి వెళ్లే తల్లికి ఎక్కడుంటుంది? అది ముడతలు పడుతుంది, నాలుగైదు శాతం దాకా కుంచించుకుపోతుంది, ఆరడానికి సమయం పడుతుంది. చొక్కాకు పాలిస్టర్, కాటన్ కలిసిన గుడ్డలో కాటన్ కనీసం మూడో వంతు ఉంటే రెంటికీ మధ్యస్థంగా నెట్టుకురావచ్చు. ప్యాంటుకు పాలిస్టర్, విస్కోస్ (కలప గుజ్జుతో చేసే పోగు) కలిసిన సూటింగ్ మన్నుతుంది.

దుకాణంవాడు చెప్పింది నమ్మక్కర్లేదు. అంచు నుంచి నాలుగు పోగులు లాగి పళ్లెంలో పెట్టి అంటించండి. కాటన్ కాగితం కాలిన వాసనతో కాలి మెత్తని బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలా మిగులుతుంది. కలిసిన గుడ్డలో బూడిదా ఉంటుంది, గట్టి పలుకూ ఉంటుంది. రంగు నిలుస్తుందా లేదా చూడాలంటే తడిపిన తెల్లగుడ్డతో పదిసార్లు గట్టిగా రుద్దండి. కుంచించుకుపోయే గుణం తెలియాలంటే గుడ్డ మీద 50 సెంటీమీటర్ల గీత గీసి, ఉతికి, ఆరాక మళ్లీ కొలవండి. రెండు సెంటీమీటర్లు తగ్గితే నాలుగు శాతం. అలాంటి గుడ్డను కత్తెర పెట్టకముందే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయాలి.

ఉతుకు విషయంలో రెండే మాటలు. కాలరు మురికికి బ్లీచింగ్ వాడకండి, నూలు పోగు బలం పోతుంది, తెలుపు పసుపు తిరుగుతుంది. నానబెట్టే ముందు కాలరు మీద బట్టల సబ్బు రుద్ది పావుగంట వదిలేస్తే చాలు. ముదురు నీలం ప్యాంటు మీద మెరుపు మచ్చలు వస్తున్నాయంటే ఇస్త్రీపెట్టె వేడి ఎక్కువైందన్నమాట. లోపలి వైపు తిప్పి తక్కువ వేడిలో చేయాలి.

అపోహ: ప్రైవేటు బడి చెప్పిన చోటే కొనాలి.

అక్కర్లేదు. హైదరాబాద్ జిల్లా విద్యాశాఖ 2024లో ప్రైవేటు బడులు యూనిఫాం, బూట్లు, బెల్టులు అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అయినా దారులు వెతుక్కునేవాళ్లు ఉంటారు. బయట ఎక్కడా దొరకని గళ్ల గుడ్డ ఎంచుతారు. జేబు మీద లోగోను నేరుగా ఎంబ్రాయిడరీ చేయిస్తారు. బుధ, శనివారాలకు హౌస్ టీషర్టు వేరు, దానికి తెల్లబూట్లు వేరు. రెండేళ్లకోసారి రంగు మారుస్తారు. దాంతో అన్న బట్టలు తమ్ముడికి పనికిరాకుండా పోతాయి. మా దృష్టిలో వీటన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసేది ఈ రంగు మార్పే.

తల్లిదండ్రుల సమావేశంలో రెండు అడగండి. లోగోను విడి బ్యాడ్జీగా ఇమ్మనండి, ఏ చొక్కా మీదైనా కుట్టుకోవచ్చు. గుడ్డ రంగు మార్చాలంటే కనీసం అయిదేళ్లు ఆగాలని రాతపూర్వకంగా తీర్మానం చేయించండి. నోటిమాట అయితే ఏప్రిల్‌లో మరిచిపోతారు.

అపోహ: యూనిఫాం లేకుండా వస్తే బయట నిలబెట్టే అధికారం బడికి ఉంది.

నియమం పెట్టే అధికారం వేరు, పిల్లవాడిని అవమానించే అధికారం వేరు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ, మానసిక వేధింపునూ రెంటినీ నిషేధించింది. ప్రార్థనలో అందరి ముందు వరస తప్పించి నిలబెట్టడాన్ని వేధింపు అనక ఏమంటాం? పాత విద్యార్థులు వదిలేసిన జతల్లో మంచివి ఉతికించి, సైజుల వారీగా పది, పదిహేను హెచ్ఎం గదిలో ఉంచుకుంటే సరిపోతుంది. అవసరమైనవాళ్లకు పేరు రాసుకుని ఇవ్వాలి, మూడోసారి అడిగితే ఇంటికి కబురు చేయాలి.

మతపరమైన దుస్తుల సంగతి ఇంత తేలిక కాదు. తరగతి గదుల్లో హిజాబ్ మీద ఆంక్షను కర్ణాటక హైకోర్టు 2022 మార్చి 15న సమర్థించింది. సుప్రీంకోర్టులో అదే ఏడాది అక్టోబరు 13న ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చి, తగిన ధర్మాసనం ఏర్పాటు కోసం విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి వదిలారు. మన దగ్గర కార్తీకం రాగానే అయ్యప్ప మాల వేసుకున్న పిల్లల నల్లబట్టల మీద ఇలాంటి పేచీలే వస్తాయి. ఏ పిల్లకు ఏ మినహాయింపు ఇస్తారో విద్యా సంవత్సరం మొదట్లోనే రాసిపెట్టి, అన్ని మతాలవాళ్లకూ ఒకే కొలబద్ద వాడిన బడుల్లో గేటు దగ్గర రభస తక్కువ.

అపోహ: ఆడపిల్లల యూనిఫాం చూడముచ్చటగా ఉంటే చాలు.

తెల్ల సల్వారు, లేతరంగు స్కర్టు ఎంపిక చేసేవాళ్లు నెలసరి రోజులను గుర్తుపెట్టుకోరు. మరక పడుతుందన్న భయంతో ఆ రోజుల్లో బెంచీ మీంచి లేవని పిల్లలు, అసలు బడికే రాని పిల్లలు ఉంటారు. ఆరో తరగతి నుంచి కింది భాగం ముదురు రంగులోనే ఉండాలి. కేరళలో వలయన్‌చిరంగర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒకే రకం చొక్కా, మోకాళ్ల కిందికి వచ్చే నిక్కరు పెట్టింది. ఆటల పీరియడ్‌లో స్కర్టు సర్దుకునే బాధ వాళ్లకు లేదు. మనవాళ్లు అంతదూరం వెళ్లినా వెళ్లకపోయినా ఒక్క పని మాత్రం ఈ ఏడాదే చేయొచ్చు. కుర్తా పక్క కుట్టులో ఒక జేబు. ప్యాడు, బస్సు పాసు, పది రూపాయల నోటు పట్టేలా ఆరంగుళాల లోతు, అయిదంగుళాల వెడల్పు చాలు. కటింగ్‌లో మిగిలే ముక్కలతోనే వస్తుంది, మిషను మీద అయిదు నిమిషాల పని. ఆర్డరు కాగితంలో 'పక్క జేబు ఒకటి' అని రాయండి. రాయకపోతే ఏ టైలరూ తనంతట తాను పెట్టడు.