ఐదు వేల ఏళ్ల సూది, డెబ్బై ఏళ్ల పాఠ్యపుస్తకం

నడుంనొప్పి, మోకాళ్ల నొప్పులు, పార్శ్వపు తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, కడుపుబ్బరం. ఏ ఊళ్లో ఏ ఆక్యుపంక్చర్ కేంద్రం కరపత్రం తీసుకున్నా ఈ జాబితా పెద్దగా మారదు. జాబితా పైన ఉండే వాక్యమూ మారదు: ‘5,000 ఏళ్ల ప్రాచీన చైనా వైద్యం’. హైదరాబాద్ నుమాయిష్‌లో బొడిపెల చెప్పులు, చెక్క రోలర్లు అమ్మే దుకాణదారు కూడా ఇలాంటి అంకే చెబుతాడు. ఈ వైద్యం పాతదే, సందేహం లేదు. కానీ ఈ అంకె చాటున మరుగున పడిన సంగతి ఒకటుంది. సూదుల వైద్యాన్ని సొంత దేశంలోనే ఒకసారి రాజాస్థానం నుంచి వెళ్లగొట్టారు, మరోసారి చట్టంతో నిషేధించబోయారు, చివరికి 1950వ దశకంలో ప్రభుత్వమే పూనుకుని కొత్తగా కూర్చి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కించింది. ఇవాళ మన వీధిలోకి వచ్చింది ఆ మూడో రూపమే.

ఆధారాలు దొరికినంత మేరకు చూస్తే సూది కంటే నిప్పే ముందు కనిపిస్తుంది. హునాన్ రాష్ట్రంలోని చాంగ్‌షా దగ్గర మవాంగ్‌దుయ్ అనే చోట, క్రీ.పూ. 168లో మూసిన సమాధిని 1973లో తవ్వినప్పుడు, పట్టుబట్ట మీద రాసిన వైద్య రచనలు బయటపడ్డాయి. ఒంట్లో పారే పదకొండు నాళాలను, వాటికి వచ్చే జబ్బులను, ఆ నాళాల మీద వేడి తగిలించి చేసే చికిత్సను అవి వివరిస్తాయి. సూదులు గుచ్చే పద్ధతి మాత్రం వాటిలో లేదు. వేడికి వాడేది ఒక ఆకు. ఎండబెట్టి, దూదిలా అయ్యేదాకా దంచి, చిన్న ముద్దలుగానో చుట్టలుగానో చేసి, చర్మం మీద గానీ చర్మానికి దగ్గరగా గానీ రాజేస్తారు. ఆ ఆకు మనకు పరాయిది కాదు, వినాయక చవితి పత్రిలో మొట్టమొదట పేరు చెప్పే మాచిపత్రికి దగ్గరి చుట్టం. చైనా భాషలో ఈ వైద్యం పేరు ‘ఝెన్‌జియు’, అంటే సూది, కాల్పు. ఐరోపాకు వెళ్లేసరికి అందులో కాల్పు జారిపోయి సూది ఒక్కటే మిగిలింది. జపాన్‌లో డచ్చి వర్తక సంఘం తరఫున పనిచేసిన విల్లెం టెన్ రైనా అనే వైద్యుడు 1683లో ప్రచురించిన లాటిన్ గ్రంథంలో వాడిన ‘ఆక్యుపంక్చురా’ అన్న మాటే తర్వాత లోకమంతా పాకింది.

సూది ప్రస్తావన క్రీ.పూ. 1వ శతాబ్దపు తొలినాళ్లలో సిమా చియాన్ రాసిన చరిత్ర గ్రంథంలో కనిపిస్తుంది. అంతకు కొంచెం ముందు, క్రీ.పూ. 113లో మరణించిన లియు షెంగ్ అనే రాకుమారుడి సమాధిలో బంగారు, వెండి సూదులు దొరికాయి. దాదాపు అదే కాలంలో సంకలనమైన ‘హువాంగ్డీ నైజింగ్’ ఈ వైద్యానికి మూలగ్రంథం. పసుపు చక్రవర్తికీ ఆయన వైద్యుడికీ మధ్య సంభాషణగా అది సాగుతుంది. 5,000 ఏళ్ల అంకె వచ్చింది పురాణ పురుషుడైన ఆ చక్రవర్తి వల్లే తప్ప గ్రంథం వయసు వల్ల కాదు. అందులో చెప్పిన తొమ్మిది రకాల సూదుల్లో కొన్ని నేటి వెంట్రుకలాంటి సూదికి ఏమాత్రం పోలికలేనివి. కత్తి మొనలా ఉండి నెత్తురు తీయడానికి, పుండు కోసి చీము వదిలించడానికి వాడినవి కూడా ఆ తొమ్మిదిలో ఉన్నాయి. మన పల్లెల్లో మంగలి గాటు పెట్టి చేసిన పని లాంటిదే అదీ.

క్రీ.శ. 3వ శతాబ్దంలో హువాంగ్‌ఫు మి అనే వైద్యుడు ఒంటి మీద సూది గుచ్చాల్సిన 349 స్థానాలను వరుసలో పెట్టాడు. ఆ తర్వాతి కాలంలో నన్ను ఎక్కువగా ఆకర్షించేది 1027 నాటి కంచు మనిషి. సోంగ్ చక్రవర్తి ఆజ్ఞ మీద వాంగ్ వేయ్‌యీ అనే వైద్యుడు నిలువెత్తు కంచు విగ్రహాలు రెండు పోతపోయించాడు. ఒంటినిండా 650కి పైగా సన్నని రంధ్రాలు, ప్రతి రంధ్రానికీ పేరు. పరీక్ష రోజున విగ్రహానికి మైనం పూసి రంధ్రాలు కనపడకుండా చేసి, లోపల ద్రవం నింపేవారట. విద్యార్థి సూది సరైన చోట దిగితే చుక్క బయటికి వస్తుంది, తప్పితే మొన కంచుకు తగిలి వంగుతుంది. పుస్తకానికో పుస్తకంలా, గురువుకో గురువులా ఉన్న కొలతలను ఒక తాటి మీదికి తేవడానికి రాజ్యం చేసిన మొదటి పెద్ద ప్రయత్నం ఇది. అయినా కొలత మాత్రం చివరికి రోగి ఒంటి మీదే నిలిచింది: బొటనవేలి వెడల్పు ఒక ‘త్సున్’, నాలుగు వేళ్లు కలిపితే మూడు. మణికట్టు గీతకు రెండు త్సున్ల పైన ‘నేయ్‌గ్వాన్’, మోకాలి చిప్పకు మూడు త్సున్ల కింద ‘జూసాన్లీ’. నేయ్‌గ్వాన్ సంగతి మళ్లీ వస్తుంది.

తర్వాతి శతాబ్దాల్లో సూది వైద్యానికి గౌరవం తగ్గుతూ వచ్చింది. చదువుకున్న వైద్యులు నాడి చూసి కషాయం రాసేవారు. ఒంటిని ముట్టుకుని గుచ్చడం కిందివాళ్ల పని అన్న చూపు పెరిగింది. 1822లో దావోగ్వాంగ్ చక్రవర్తి రాజవైద్యశాలలో సూది, కాల్పుల విభాగాన్నే మూయించేశాడు. చక్రవర్తి దేహానికి అది తగదన్నది చెప్పిన కారణం. రాచకొలువు వదిలేసినా ఊళ్లలో ఆ విద్య పోలేదు.

అసలు గండం 20వ శతాబ్దంలో వచ్చింది. పక్కనున్న జపాన్ అప్పటికే పాశ్చాత్య వైద్యం చదివినవారికే వైద్యుడి లైసెన్సు ఇస్తోంది. 1910-11లో మంచూరియాలో ప్లేగు విరుచుకుపడినప్పుడు దాన్ని అదుపు చేసింది కేంబ్రిడ్జిలో చదివిన వూ లియన్-తెహ్ నడిపిన మాస్కులు, క్వారంటైన్, సామూహిక దహనాలు. పాత వైద్యం దాని ముందు నిలవలేకపోయింది. 1929 ఫిబ్రవరిలో అప్పుడు చైనాను ఏలుతున్న కువోమింటాంగ్ పార్టీ ప్రభుత్వపు ఆరోగ్య సంఘం ముందుకు యు యాన్ అనే వైద్యుడు పాత వైద్యాన్ని క్రమంగా రద్దు చేయాలన్న ప్రతిపాదన తెచ్చాడు. ఆయన జపాన్‌లో చదివి వచ్చినవాడు. మార్చి 17న దేశం నలుమూలల నుంచి వైద్యులు, మందుల వ్యాపారులు షాంఘైలో సమావేశమై నిరసన తెలిపారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అయితే బతికి బట్టకట్టాలంటే మారక తప్పదన్న పాఠం కూడా ఆ ఏడాదే నేర్పింది.

మారినవారిలో ముఖ్యుడు చెంగ్ దానాన్. జపాన్ వెళ్లి అక్కడి సూదుల బళ్లు చూసి వచ్చిన ఆయన, పాత పటాలను శరీరనిర్మాణ శాస్త్రం పక్కన పెట్టి స్థానాలను మళ్లీ గీశాడు. రక్తనాళాల మీద పడే గుర్తులను పక్కకు జరిపాడు. నెత్తురు తీసే పనిని వదిలి, సన్నని లోహపు సూదిని ముందుకు తెచ్చాడు. ఇవాళ మనం చూసే సూది వైద్యం చాలావరకు ఆయన చేతి మీదుగా వచ్చిందే. 1930వ దశకంలో, అంతకుముందు ఫ్రెంచి దౌత్యాధికారిగా చైనాలో పనిచేసి వచ్చిన జార్జ్ సూలియే ద మొరాన్, ‘చీ’ అన్న మాటను ‘శక్తి’గా, నాళాలను ‘మెరిడియన్లు’గా అనువదించాడు. (‘చీ’ మన చెవికి వేరేగా వినిపిస్తుంది గానీ, ఊపిరి, ఆవిరి, వాయువు అన్న అర్థాల దగ్గర మసలే మాట అది.) పాత గ్రంథాల్లో నాళమంటే నెత్తురు పారే గొట్టం కూడా. కంటికి కనపడని శక్తి రేఖల బొమ్మ మనకు ప్యారిస్ మీదుగా వచ్చింది.

1949లో కమ్యూనిస్టులు అధికారానికి వచ్చేనాటికి కోట్లాది జనానికి పాశ్చాత్య వైద్యం చదివినవారు కొన్ని పదివేల మందే. సంప్రదాయ వైద్యులు లక్షల్లో ఉన్నారు. మావోకు అది సిద్ధాంతం కంటే ముందు లెక్కల సమస్య. మొదట్లో పాత వైద్యులకే కొత్త చదువు చెప్పించాలనుకున్న ప్రభుత్వం, 1954 తర్వాత దారి మార్చి కొత్త వైద్యులనే పాతది నేర్చుకోమంది. 1955లో బీజింగ్‌లో పరిశోధనా సంస్థ, మరుసటి ఏడాది బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌ఝౌ, చెంగ్దులలో కళాశాలలు వచ్చాయి. కళాశాలకు పాఠ్యపుస్తకం కావాలి, పుస్తకానికి పొందిక కావాలి. వంశాలుగా, శాఖలుగా ఒకదానితో ఒకటి విభేదించుకుంటూ వచ్చిన వైద్యాలను ఒక్క వ్యవస్థగా కుట్టింది అప్పుడే. 1958లో మావో దీన్ని గొప్ప నిధి అన్నాడు. ఆయన సొంత వైద్యుడు లీ ఝిసుయి మాత్రం, తాను దాన్ని నమ్మననీ ఆ మందులు వాడననీ మావో తనతో అన్నట్టు తర్వాత జ్ఞాపకాల్లో రాశాడు. 1965 తర్వాత కొద్దిపాటి శిక్షణతో పల్లెల్లోనే తయారైన ‘చెప్పుల్లేని వైద్యుల’ సంచిలో మాత్రలతో పాటు సూదులూ ఉన్నాయి. చవక, బరువుండదు, కరెంటు అక్కర్లేదు.

ఈ రూపం అమెరికాకు చేరిన తీరు కాస్త విచిత్రం. 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ పత్రికా రచయిత జేమ్స్ రెస్టన్‌కు బీజింగ్‌లో అపెండిక్స్ వాచింది. రాక్‌ఫెల్లర్ డబ్బుతో కట్టి, సాంస్కృతిక విప్లవంలో ‘సామ్రాజ్యవాద వ్యతిరేక ఆసుపత్రి’గా పేరు మారిన చోట, 17వ తేదీన మామూలు మత్తుసూది ఇచ్చి మామూలుగానే ఆపరేషన్ చేశారు. రెండో రాత్రి కడుపు ఉబ్బి బాధపడుతుంటే ఒక సూదుల వైద్యుడు వచ్చి, కుడి మోచేతి దగ్గరా రెండు మోకాళ్ల కిందా మూడు సూదులు గుచ్చి తిప్పాడు, ఆకు చుట్టలు రాజేసి పొట్టకు దగ్గరగా పట్టాడు. గంటలో ఉబ్బరం తగ్గింది. కడుపులో గ్యాస్ పోగొట్టుకోవడానికి ఇంత తతంగమా అని అప్పుడు అనిపించిందని రెస్టనే చమత్కరించాడు. జులై 26న ఆ వ్యాసం అచ్చయ్యింది. మరుసటి ఫిబ్రవరిలో నిక్సన్ చైనా వెళ్లాడు. ఈలోగా జనం నోళ్లలో అది ‘సూదులతోనే మత్తిచ్చి కడుపు కోశారట’ అన్న కథగా మారిపోయింది.

ఆ తర్వాత శాస్త్రవేత్తలు అడిగిన ప్రశ్న సూటిగానే ఉంది: సరైన చోట గుచ్చితేనే గుణమిస్తుందా, ఎక్కడ గుచ్చినా ఇస్తుందా? జర్మనీలో 1,162 మంది దీర్ఘకాలిక నడుంనొప్పి రోగులపై జరిపి 2007లో ప్రచురించిన పరీక్ష దీనికి మంచి ఉదాహరణ. పుస్తకం చెప్పిన స్థానాల్లో సూదులు వేయించుకున్నవారిలో ఆరు నెలలకు 47.6 శాతం మందికి గుణం కనిపించింది. స్థానాలు కాని చోట్ల పైపైన గుచ్చినవారిలో 44.2 శాతం. మందులు, వ్యాయామం వంటి మామూలు చికిత్స పొందినవారిలో 27.4 శాతమే. ఈ మూడు అంకెలను ఎవరికి తోచినట్టు వారు చదువుకున్నారు. మొదటిదాన్నీ మూడోదాన్నీ పోల్చినవారు గెలిచామన్నారు, మొదటి రెండింటినీ పోల్చినవారు కంచు మనిషి రంధ్రాలకు అర్థమే లేదన్నారు. నా మటుకు రెండు మాటలూ నిజమే అనిపిస్తాయి: రోగికి ఊరట వచ్చింది, ఆ ఊరటకు గ్రంథం చెప్పిన కారణం మాత్రం నిలబడలేదు. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నడుంనొప్పికి 2009లో సిఫార్సు చేసి 2016లో వెనక్కి తీసుకుంది. తరచూ వచ్చే తలనొప్పికి 2012లో ఇచ్చిన సిఫార్సును కొనసాగించింది. ఆపరేషన్, కీమోథెరపీల తర్వాత వచ్చే వాంతులకు పనిచేస్తుందని 1997లోనే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల మండలి తేల్చింది. మణికట్టు మీది నేయ్‌గ్వాన్ స్థానం మీద జరిగిన పరీక్షలు అందులో ముఖ్యం. కరపత్రాల్లోని పొడవాటి జబ్బుల జాబితా మాత్రం వీటి నుంచి వచ్చింది కాదు. 1979లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బీజింగ్ సమావేశం తర్వాత వెలువరించిన 43 జబ్బుల పట్టికలో దాని మూలం ఉంది. అది వైద్యుల అనుభవం మీద ఆధారపడిన పట్టికే తప్ప పరీక్షల ఫలితం కాదు.

మూలికల చరిత్ర వేరే దారిలో నడిచింది. 4వ శతాబ్దపు గే హోంగ్ ‘చింగ్‌హావ్’ ఆకు ఒక పిడికెడు తీసుకుని నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని జ్వరానికి రాశాడు. 1971లో చైనా శాస్త్రవేత్త తూ యోయో బృందాన్ని ఆ మాటే ఆపింది: కాచమనలేదు, పిండమన్నాడు. మరిగిస్తే గుణం పోతోందేమో అనుకుని తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీస్తే, ఎలుకల్లో మలేరియా క్రిమి పూర్తిగా పోయింది. ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు అలా వచ్చింది, 2015లో నోబెల్ కూడా. ఆ మొక్క కూడా మాచిపత్రి కుటుంబానిదే. దీనికి అటువైపు 1990వ దశకం తొలినాళ్ల బెల్జియం ఉంది. సన్నబడటానికి ఇచ్చిన చైనా మూలికల మాత్రల్లో ఒక వేరుకు బదులు అదే ధ్వని ఉన్న పేరుతో అరిస్టోలోకియా వేరు కలిసి, వందమందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కొందరికి తర్వాత మూత్రనాళాల కేన్సర్ వచ్చింది. ‘మూలికే కదా, పనిచేయకపోయినా చెరుపు చేయదు’ అని మన ఇళ్లలో అనుకునే మాటకు ఇంతకంటే గట్టి జవాబు దొరకదు.

మన దేశానికి సూది వచ్చింది అమెరికా కంటే ముందే. జపాన్ దాడిలో ఉన్న చైనాకు 1938లో కాంగ్రెస్ పంపిన అయిదుగురు వైద్యుల బృందంలో సోలాపూర్‌కు చెందిన ద్వారకానాథ్ కోట్నిస్ అక్కడే 1942లో మరణించాడు. తిరిగివచ్చినవారిలో ఒకరైన బిజయ్ కుమార్ బసు 1950వ దశకం చివర్లో మళ్లీ వెళ్లి, అప్పుడే కొత్తగా కూర్చిన ఆ విద్యను నేర్చుకుని, 1959లో కలకత్తాలో చికిత్స మొదలుపెట్టాడు. పశ్చిమ బెంగాల్ 1996లో దీనికి ప్రత్యేక చట్టం చేసింది; మహారాష్ట్ర తర్వాత చేసింది. కేంద్రం 2003లో చికిత్సా విధానంగా అనుమతించి, 2019లో స్వతంత్ర వైద్యవిధానంగా గుర్తించింది. తెలుగు పట్టణాల్లో ఇవాళ సూది పట్టేవారు ప్రకృతివైద్య పట్టభద్రులు కావచ్చు, ఫిజియోథెరపిస్టులు కావచ్చు, కొద్ది వారాల సర్టిఫికెట్ ఉన్నవారూ కావచ్చు. బోర్డు మాత్రం అందరిదీ ఒకేలా ఉంటుంది. సూది ఒకసారి వాడి పారేసేదైతే కామెర్ల భయం ఉండదు. మెడ నొప్పికి తరచూ గుచ్చే భుజం పైభాగంలో మాత్రం చర్మం కింద కొద్ది సెంటీమీటర్ల లోతులోనే ఊపిరితిత్తి కొన ఉంటుంది. అక్కడ సూది ఎంత లోతుకు, ఏ వాలులో దిగాలో తెలియని చేయి దాన్ని తూట్లు పొడిచిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి.