కథానాయకుణ్ణి కాదు, పక్కవాణ్ణి చూడండి

చిరంజీవులైన పిల్లలకు,
తాతయ్య దీవించి రాయునది.

1924లో అమెరికాలో తీసిన ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ అనే మూకీ సినిమా ఒకటుంది. అందులో దొంగ వేషం డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్‌ది. గెంతుతూ గోడలెక్కే ఆయన్ని ఎలాగూ అందరూ చూస్తారు. మీరు మాత్రం మంగోలు రాకుమారుడి మీద ఓ కన్నేసి ఉంచండి. పొడుగ్గా, బక్కపలచగా, బుగ్గలు పీక్కుపోయి, సన్నటి మీసాలతో ఉంటాడు. ప్రాణం నిలబెట్టే మాయ ఆపిల్ పండు చేతికి రాగానే, దాసి చేత రాకుమారికి విషం పెట్టిస్తాడు. ఆ పండుతో తనే బతికించి, పెళ్ళాడదామని ఎత్తు! ఇంత దుర్మార్గుడూ ఎక్కడా అరిచినట్టుండడు, కంగారుపడడు. కనురెప్పలు కాస్త వాల్చి నిదానంగా చూస్తాడంతే, మనకు ఒళ్ళు జలదరిస్తుంది. గొంతు వినిపించని సినిమాలో అంత భయం ముఖంతోనే పుట్టించడం మాటలు కాదు.

ఆయన పేరు సోజిన్ కమియామా. 1884లో జపాన్‌లోని సెందాయ్‌లో పుట్టారు. ఆయన భార్య ఉరాజి యమకావా కూడా నటి. 1912లో ఇద్దరూ కలిసి ఓ నాటక సమాజం పెట్టి, నార్వే రచయిత ఇబ్సెన్ నాటకాలు, షేక్‌స్పియర్ నాటకాలు జపనీస్‌లో ఆడారు. అంత చేసిన మనిషి 1919లో అమెరికా దారి పట్టారు.

అక్కడ ఆయనకిచ్చిన వేషాలేమిటి? మంగోలు విలన్, చైనా మనిషి, ‘ది బ్యాట్’లో ఇంటి నౌకరు. 1927లో మాత్రం ‘ది చైనీస్ పేరట్’లో చార్లీ చాన్ అనే చైనా డిటెక్టివ్ పాత్ర దక్కింది. ఆ సినిమా కాపీ ఈనాడు ఎక్కడా లేదు, అది తలుచుకుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. 1931 నుంచి అదే పాత్రను స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలండ్ వేశారు. అంటే తెల్లవాడు మొహానికి రంగు పూసుకుని చైనావాడు కావచ్చు గానీ, జపాన్ నటుడు తెరమీద ప్రేమించే కథానాయకుడు కావడం మహా అరుదు.

తెర బయట సంగతి ఇంకా ఘోరం. జపనీయులు అమెరికా పౌరులు కావడానికి అర్హులు కారని 1922లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది. 1924 మార్చిలో బాగ్దాద్ సినిమా విడుదలైంది. జనం ఎగబడి చూస్తుండగానే, మేలో జపాన్ నుంచి వలసలు ఆపే చట్టం వచ్చింది.

మూకీల్లో మాటలన్నీ అట్టలమీద రాసి చూపించేవారు కాబట్టి ఆయన ఇంగ్లీషు ఉచ్చారణతో ఎవరికీ పని లేకపోయింది. టాకీలు వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. 1930 ప్రాంతంలో స్వదేశం వెళ్ళిపోయి, అక్కడి సినిమాల్లో చిన్నా పెద్దా వేషాలు వేశారు. జపాన్ దర్శకుడు కురొసావా తీసిన ‘సెవెన్ సమురాయ్’లో రైతులు బస చేసే సత్రంలో వాద్యం పట్టుకు కూర్చున్న గుడ్డి గాయకుడు ఆయనే. ఆ సినిమా 1954 ఏప్రిల్‌లో వచ్చింది, జూలైలో ఆయన కన్నుమూశారు, డెబ్బయ్యో ఏట.

నాన్నతో చెప్పి ఈ రెండు సినిమాలూ పెట్టించుకోండి. బాగ్దాద్ సినిమా బాగా పొడుగు, ఆపిల్ పండు ఘట్టం దాకా ఓపిక పట్టండి. చూశాక ఆయన ఎలా చేశారో నాకు ఉత్తరం రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య