ఇంట్లో ఫొటోల ప్రింటింగ్‌కు ఏ సాఫ్ట్‌వేర్? అపోహలు - వాస్తవాలు

ఫొటో ప్రింటింగ్ పనిలో ఉన్నానని తెలియగానే చాలామంది అడిగేది ఒక్కటే: "ఇంట్లో కంప్యూటర్‌కి ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటారు?" కొనేముందు కొన్ని అపోహలు వదిలించుకోవాలి. మంచి పేపరు, ఇంకు ఎక్కువగా వృథా అయ్యేది వీటివల్లే.

అపోహ: ఎడిటింగ్‌కు బాగున్న సాఫ్ట్‌వేర్ ప్రింటింగ్‌కూ బాగుంటుంది.

వాస్తవం: ఆ రెండూ వేర్వేరు పనులు. రాథెరపీ అనే సాఫ్ట్‌వేర్ రా ఫైళ్లను (కెమెరా ప్రాసెస్ చేయకుండా ఇచ్చే ఫైళ్లను) చక్కగా డెవలప్ చేస్తుంది, కానీ అందులో ప్రింట్ సదుపాయమే లేదు. లైట్‌రూమ్ క్లాసిక్‌లో ప్రింట్ కోసం విడిగా ఒక మాడ్యూలే ఉంది. ఎడిటింగ్ ఎలాగూ వేరేచోట చేసుకుంటున్నారంటే డబ్బు పెట్టాల్సిన పని కూడా ఉండకపోవచ్చు. ఎప్సన్, కెనాన్ తమ ఫొటో ప్రింటర్లలో కొన్ని మోడళ్లకు కాగితం మీద ఫొటోలు అమర్చే లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానే ఇస్తున్నాయి. ముందు మీ మోడల్‌కు అది ఉందేమో చూడండి.

అపోహ: ఫైల్‌లో 72 డీపీఐని (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే అంకెని) 300గా మారిస్తే ప్రింట్ షార్ప్‌గా వస్తుంది.

వాస్తవం: ఆ అంకె ఒక్కటే మారిస్తే ఒక్క పిక్సెల్ కూడా పెరగదు. 4×6 అంగుళాల ప్రింట్‌కు అంగుళానికి 300 చొప్పున 1200×1800 పిక్సెళ్లు, 8×10కి 2400×3000 కావాలి. సైజు ఎంచుకోగానే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు వస్తున్నాయో చూపించే సాఫ్ట్‌వేర్ అయితే ఈ లెక్కలు మీరు వేసుకోనక్కర్లేదు.

అపోహ: ఫొటో ఎలా తీశామో అలాగే కాగితం మీదికి వస్తుంది.

వాస్తవం: ఫోన్ ఫొటో సాధారణంగా 4:3, 4×6 కాగితమేమో 3:2. కాగితం నిండా వేస్తే ఫొటో పొట్టివైపు నుంచి తొమ్మిదో వంతు పోతుంది. గ్రూప్ ఫొటోలో తలలో కాళ్లో తెగేది అందుకే. బోర్డర్‌లెస్ (అంచుల్లో తెలుపు లేకుండా) పెడితే డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రాం) ఫొటోను ఇంకాస్త పెద్దది చేస్తుంది కాబట్టి అంచులు మరికొంత పోతాయి. ప్రివ్యూలో ఫొటోను పైకీ కిందికీ జరుపుకునే వీలు లేని సాఫ్ట్‌వేర్‌ను నేనైతే ఎవరికీ చెప్పను.

అపోహ: రంగులు తేడాగా వస్తే సాఫ్ట్‌వేర్ మంచిది కాదు.

వాస్తవం: నాకు బాగా బాధ కలిగించే అపోహ ఇదే, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ మార్చినా సమస్య పోదు. చాలాసార్లు రంగుల సవరణ రెండుసార్లు జరుగుతుంటుంది. సాఫ్ట్‌వేర్ ఐసీసీ ప్రొఫైల్‌తో (ప్రింటర్ రంగులు ఎలా వేస్తుందో చెప్పే ఫైల్‌తో) రంగులు మార్చి పంపుతుంది, డ్రైవర్ వాటిని మళ్లీ తన పద్ధతిలో సరిచేస్తుంది. దాంతో ముఖాలు ఎర్రబడతాయి. ఈ పని ఎవరో ఒక్కరికే అప్పగించాలి. సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే డ్రైవర్‌లో కలర్ కరెక్షన్ ఆఫ్ చేయండి. ప్రొఫైల్ అనేది ఫలానా ప్రింటర్, ఫలానా ఇంకు, ఫలానా పేపరు కలిపి తయారుచేసింది. మీ పేపరుకు అది దొరక్కపోతే పనిని ప్రింటర్‌కే వదిలేయండి, ఫలితం బాగానే ఉంటుంది. ఎలా చేసినా డ్రైవర్‌లో పేపరు రకం సరిగ్గా పెట్టాలి, ఇంకు ఎంత వెయ్యాలో దాన్నిబట్టే తేలుతుంది. కాబట్టి కలర్ మేనేజ్‌మెంట్ ఎవరిదో స్పష్టంగా అడిగే సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోండి. ఇక ప్రింట్లు మరీ నల్లగా వస్తున్నాయంటే మొదట మానిటర్ బ్రైట్‌నెస్ తగ్గించి చూడండి.

అపోహ: ప్రింట్ చేసేముందు ఫొటోను సీఎంవైకే (ప్రెస్‌లో వాడే నాలుగు ఇంకుల రంగుల పద్ధతి) లోకి మార్చాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఇళ్లలో వాడే ఇంక్‌జెట్ డ్రైవర్లు ఆర్‌జీబీనే (తెరల మీద వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పద్ధతినే) తీసుకుంటాయి. అందులో సర్వసాధారణ రకమైన ఎస్ఆర్‌జీబీలో ఉంచండి, చాలు.

ట్రయల్ వెర్షన్ ఉంటే మామూలు కాగితం మీద 35×45 మిల్లీమీటర్ల ఫొటో ఒకటి ప్రింట్ చేసి స్కేలుతో కొలవండి. కొలత తేడా వస్తే 'ఫిట్ టు పేజ్' ఆన్‌లో ఉందేమో చూసి, తీసేసి మళ్లీ వేయండి. అప్పటికీ సరిగ్గా రాకపోతే ఇంకో సాఫ్ట్‌వేర్ చూసుకోండి.