రీడింగ్ తర్వాత చూద్దురు, ముందు నీళ్ల జాడ చూడండి: సెకండ్ హ్యాండ్ సెడాన్‌పై అపోహలు - వాస్తవాలు

సంక్రాంతికి నెల ముందు నుంచే రావులపాలెం, తణుకు, భీమవరం, అమలాపురం రోడ్ల పక్కన కార్ కన్సల్టెన్సీల ముందు బండ్లు పాలిష్ కొట్టుకుని వరుసగా నిలబడతాయి. నాలుగైదు లక్షలు చేతిలో పెట్టుకుని వచ్చేవాళ్లు ముందు అడిగేది రీడింగ్, తర్వాత మైలేజీ. మన ప్రాంతంలో కారును తినేసేది తిరిగిన కిలోమీటర్లకంటే నీళ్లే. వరద నీరు, చెరువు నీరు, ఉప్పుగాలి, ఏడాదిలో సగం రోజులు వదలని తేమ. కింద చెప్పేవన్నీ ఆ లెక్కలోంచే.

అపోహ: "డాక్టర్ గారి బండి, సింగిల్ హ్యాండ్, పదేళ్లలో 28 వేలే తిరిగింది"

ఇంత తక్కువ రీడింగ్ కనిపిస్తే మీటరు వెనక్కి తిప్పారేమో మొదట తేల్చుకోవాలి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. కంపెనీ టైర్లు మామూలుగా 40 వేల పైనే వస్తాయి కాబట్టి, 28 వేలకే నాలుగూ మార్చి ఉంటే ఎందుకని అడగండి. ఆరేళ్లు దాటి రబ్బరు పగిలితే మార్చడం సబబే, అలాంటప్పుడు తేదీలు కూడా దానికి సరిపోవాలి. క్లచ్ పెడల్ రబ్బరు గీతలు అరిగిపోయి, స్టీరింగ్ నున్నగా మెరుస్తూ, డ్రైవర్ సీటు అంచు కుంగిపోయి ఉంటే అది లక్ష దాటిన బండే. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బండి నంబరు చెప్పించి పాత సర్వీసుల రీడింగులు చూడండి. యజమాని వెంట ఉంటే సాధారణంగా చూపిస్తారు.

రీడింగ్ నిజమే అయినా సంబరపడొద్దు. పిల్లలు అమెరికాలో, పెద్దవాళ్లు ఊళ్లో, కారు కొబ్బరి చెట్ల కింద షెడ్డులో. ఇలా నెలల తరబడి ఆగిపోయిన బండికి రోగాలు వేరే. బ్రేక్ డిస్కులు తుప్పుపడతాయి, బ్రేక్ ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి, ఏసీ సీళ్లు ఎండి గ్యాస్ కారిపోతుంది. వరి కోతలయ్యాక ఎలుకలు బానెట్ కిందే కాపురం పెడతాయి. బానెట్ ఎత్తి ఇంజిన్ వెనక గోడకున్న మందపాటి పీచు అట్ట, వైరింగ్ మీది టేపు చూడండి. కొరికిన గుర్తులుంటే, గడ్డి పోచలు దొరికితే, ఏ వైరు ఎక్కడ అతికించారో ఎవరికీ తెలియదు. అలాంటి దానికంటే ఏడాదికి 10, 12 వేలు తిరిగి, ప్రతి సర్వీసుకూ బిల్లున్న 90 వేల బండి మేలు.

అపోహ: "కోనసీమ బండ్లన్నీ వరద బండ్లు. హైదరాబాద్, విజయవాడ బండయితే భయం లేదు"

ఇది సగం తలకిందుల మాట. గోదావరి వరద చెప్పి వస్తుంది. భద్రాచలంలో నీటిమట్టం పెరగడం టీవీలో చూస్తూనే ఉంటాం. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. భద్రాచలంలో 71 అడుగులు దాటిన 2022 జులై వరదకు కూడా లంకలవాళ్లు బండ్లు ఏటిగట్టు మీదికో, బంధువుల ఊరికో చేర్చుకునే వ్యవధి ఉంది. నగరంలో నీళ్లు రాత్రికి రాత్రి సెల్లార్‌లోకి వస్తాయి. 2024 సెప్టెంబరు విజయవాడ బుడమేరు, 2020 అక్టోబరు హైదరాబాద్, 2015, 2023 డిసెంబర్ల చెన్నై. అక్కడ మునిగిన బండి శుభ్రమై, రంగేయించుకుని, అసలు సంగతి తెలియని ఊళ్లో అమ్ముడవుతుంది. ఆ ఊరు మనదే కావచ్చు.

పట్టుకోవడం కష్టం కాదు, అరగంట పని. సీటు బెల్టును చివరిదాకా లాగండి. లోపలి భాగంలో బురద గీతో, ముక్కిపోయిన వాసనో ఉంటే అక్కడితో ఆగిపోవచ్చు. సీటును వెనక్కి జరిపి నేలకు బిగించిన బోల్టులు చూడండి. తుప్పున్నా అనుమానమే, తలలకు కొత్తగా పానా గీతలున్నా అనుమానమే, ఎందుకంటే సీట్లు ఊడదీసి కార్పెట్ ఆరబెట్టి ఉండొచ్చు. తలుపు అంచున ప్లాస్టిక్ పట్టీ ఎత్తి కార్పెట్ కింద వేలు పెట్టండి. అడుగు పీచు తడి ఆరదు, ఒండ్రు పోదు. డిక్కీలో స్టెప్నీ తీసి గుంత అడుగు, జాకీ మరలు చూడండి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె అడుగున మెత్తని మన్ను, వంకర తిరిగిన ఫిల్టర్ కాగితం కనిపిస్తే నీరు ఇంజిన్ దాకా వచ్చినట్టే. సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగి ఉండొచ్చు. ఇవాళ నడిచినా ఆ ఇంజిన్‌ను నమ్మలేం.

డ్యాష్‌బోర్డు కింది ఫ్యూజు పెట్టె కూడా తెరవండి. ఫ్యూజుల కాళ్ల మీద పచ్చగా, తెల్లగా పొడి పేరుకుంటే, ఆరు నెలల్లో పవర్ విండోలు, సెంట్రల్ లాక్, ఏబీఎస్ ఒక్కోటీ మొరాయిస్తాయి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరాలి. అసలు వెలగకపోవడం, ఆరకపోవడమంత చెడ్డది.

కాగితాల్లోనూ ఒక ఆధారం ఉంది. పాత ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ చూడండి. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏడాదుల వరుసలో అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒకే యజమాని దగ్గర ఎనిమిదేళ్లున్న బండికి ఈసారి సున్నా ఉంటే కిందటేడు క్లెయిమ్ చేశారన్నమాట, లేదా పాలసీ మధ్యలో వదిలేసి ఉంటారు. ఏ పనికి ఎంత తీసుకున్నారో కాగితం చూపించమనండి.

అపోహ: "కింద కొత్తగా కోటింగ్ వేయించాం, తుప్పు సమస్యే లేదు"

అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు తిరిగిన బండికి ఉప్పుగాలి తప్పదు. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగి, ఆ ఉప్పు బోరు నీళ్లతోనే కడిగించుకున్న బండి పరిస్థితి ఇంకా హీనం. తుప్పు పైన కనబడదు. తలుపుల అడుగు అంచుల్లో నీరు దిగే చిన్న కంతలు మూసుకుపోయి లోపలి నుంచి తింటుంది. ఇంజిన్‌ను మోసే సబ్‌ఫ్రేమ్ బోల్టులు, బ్రేక్ పైపులు, సైలెన్సర్ అతుకులు, బ్యాటరీ పళ్లెం, ఎర్త్ వైరు బిగించిన చోటు, ఏసీ కండెన్సర్ రెక్కలు తప్పకుండా చూడాలి. అమ్మే ముందు నల్లని కోటింగ్ వేయించారంటే కంపెనీ కవచమనుకోకండి. ర్యాంపు ఎక్కించి స్క్రూడ్రైవర్ పిడితో తలుపుల కిందుండే రాకర్ ప్యానెల్ రేకు మీద తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తినేసింది మొద్దుగా పలుకుతుంది.

మన దగ్గర మాత్రమే అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి: టాపు మీద లప్పం ఉందా? టింకరింగ్ మామూలుగా బంపరు, తలుపులు, ఫెండర్లకు జరుగుతుంది. టాపుకు పని చేశారంటే కొబ్బరికాయో కొబ్బరి మట్టో పడిందనుకోవాలి, లేదంటే బండి పల్టీ కొట్టింది. తేడా తెలియాలంటే తలుపు రబ్బరు బీడింగ్ ఊడదీసి టాపును మోసే స్తంభాల అంచున స్పాట్ వెల్డు చుక్కలు చూడండి. కంపెనీ చుక్కలు ఒకే దూరంలో, ఒకే సైజులో ఉంటాయి. వంకరగా, రంగు కింద ముద్దగా ఉంటే పల్టీ బండే. పెయింట్ మందం కొలిచే మీటరు దొరికితే, కంపెనీ రంగు సుమారు 80 నుంచి 150 మైక్రాన్లు చూపిస్తుంది, లప్పం ఉన్నచోట అది ఎన్నో రెట్లు పెరుగుతుంది.

అపోహ: "డీజిలైతేనే గిట్టుబాటు"

ఉదాహరణకు పెట్రోలు బండి లీటరుకు 16, డీజిల్ బండి 21 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. పెట్రోలు 110, డీజిల్ 97 రూపాయలైతే కిలోమీటరుకు సుమారు 2 రూపాయల 25 పైసల తేడా. నెలకు 500 కిలోమీటర్లు తిరిగితే ఏడాదికి 13,500 మిగులుతుంది. ఒక్కసారి ఇంజెక్టర్లు లేదా టర్బో పనికొస్తే ఆ ఆదా రెండు మూడేళ్లది ఒకేసారి పోతుంది. నెలకు 1,500 దాటేవాళ్లకే డీజిల్ గురించి ఆలోచన. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్ బండ్లలో పొగమసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. పాలకొల్లు నుంచి నరసాపురం, మళ్లీ వెనక్కి, ఇంతే తిరిగితే అది వేడెక్కి మసిని కాల్చుకునే అవకాశం దొరకదు, మూసుకుపోతుంది.

ఢిల్లీలో పదేళ్లు నిండిన డీజిల్ బండ్లకు ఆంక్షలు పెట్టడంతో అలాంటివి చవగ్గా దక్షిణానికి వచ్చాయి. అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) లేకుండా అలాంటి బండికి బయానా ఇవ్వొద్దు. సీఎన్‌జీ బయట బిగించి ఉంటే ఆర్‌సీలో రాసి ఉండాలి, సిలిండరుకు మూడేళ్లకోసారి జరిగే పరీక్ష కాగితం ఉండాలి. ఇక డిక్కీ సంగతి మరచిపోవడమే.

అపోహ: "సెడాన్ నేల తాకుతుంది, మన రోడ్లకు పనికిరాదు"

కొంత నిజం. పంట కాలువల మీది ఎత్తు కల్వర్టులు, ఏటిగట్టు దిగే వాలు, పంటు ఎక్కే చోట పలకలు అడుగు తగిలే జాగాలు. నేలకు ఎంత ఎత్తని కేటలాగులో రాసే అంకె సాధారణంగా ఖాళీ బండిది. నలుగురిని కూర్చోబెట్టి మీ ఊరి కల్వర్టు మీదే నడిపి చూడండి. వెనక స్ప్రింగులు కుంగిన పాత బండయితే అక్కడే గీరుకుంటుంది. కొత్త స్ప్రింగులతో అది చాలావరకు నయమవుతుంది, కాబట్టి ధర తగ్గించమనడానికి అదే ఆయుధం.

మన నేల చదును, ఘాట్ అంటే మారేడుమిల్లి దాకా పోవాలి. కాబట్టి పెద్ద ఇంజిన్ అక్కర్లేదు. ఈ బడ్జెట్‌లో మా ఓటు ఇలా ఉంటుంది. పని నమ్మకంగా జరగాలంటే టొయోటా ఎటియోస్ పెట్రోలు. మీటర్లు మధ్యలో ఉండటం కొందరికి నచ్చదు, 595 లీటర్ల డిక్కీ మాత్రం పెళ్లి సారెనంతా మింగేస్తుంది. నడపడంలో సరదా కావాలంటే 2014 తర్వాతి హోండా సిటీ పెట్రోలు మాన్యువల్. 1.5 లీటర్ల ఇంజిన్ తిరిగే కొద్దీ హుషారెక్కుతుంది, 216 హైవే మీద చించినాడ వంతెన దాటాక ఆ తేడా తెలుస్తుంది. మధ్యలో మారుతి సియాజ్ పెట్రోలు. జాగా ఎక్కువ, హడావిడి లేదు. డిజైర్ పెట్రోలుకు విడిభాగాలు ప్రతి ఊళ్లో దొరుకుతాయి గానీ, ఆ పేరుకే ధర పెట్టాల్సి వస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ వెంటో, స్కోడా ర్యాపిడ్ నడపడానికి ఎంతో బాగుంటాయి. అయితే దగ్గర్లో తెలిసిన మెకానిక్ ఉంటేనే తీసుకోండి. డీజిల్‌లో టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు, ఆటోమేటిక్‌లో ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్) ఉంటే దాని రిపేర్ చరిత్ర లేకుండా అసలే వద్దు.

ఎటియోస్, డిజైర్ రెండింట్లోనూ ట్యాక్సీగా తిరిగి తెల్ల బోర్డుకు మారినవి ఉంటాయి. ఆర్‌సీ చరిత్ర అడగండి.

2013, అంతకు ముందరి హోండా సిటీ చూస్తుంటే ఒక పని తప్పనిసరి. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్ల వల్ల వాటిలో చాలా బండ్లకు రీకాల్ వచ్చింది. అందులోని మందు ఏళ్ల తరబడి వేడికీ తేమకూ పాడై, బ్యాగు విచ్చుకునేటప్పుడు లోహపు ముక్కలు ఎగిరే ప్రమాదం ఉంది. వేడి, తేమ రెండూ మన దగ్గర పుష్కలం. చాసిస్ నంబరుతో హోండా సైట్‌లో చూస్తే తెలుస్తుంది, మార్పిడి ఉచితం.

అపోహ: "స్టార్ట్ చేసి చూపించారు, సాఫీగా ఉంది, ఇంకేం చూడాలి"

వేడెక్కిన ఇంజిన్ మంచి నటుడు. ముందురోజే చెప్పి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు వెళ్లి, బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాకే సెల్ఫ్ కొట్టమనండి. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ అనుమానం. ఐడిల్‌లో ఆయిల్ మూత తీస్తే గట్టిగా గాలి తన్నిందంటే ఇంజిన్ బోరు పనికి దగ్గరపడింది. మూత అడుగున పాలమీగడ లాంటి జిడ్డు ఉంటే నీరు కలుస్తోంది. మూడో గేరులో 40 దగ్గర ఒక్కసారి తొక్కండి. ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది. ఏసీ పది నిమిషాలు తిరిగాక, మధ్య గ్రిల్లు దగ్గర థర్మామీటరులో సుమారు 10 డిగ్రీల చుట్టుపక్కల రావాలి. కారు కంప్యూటర్‌ను చదివే వెయ్యి రూపాయల ఓబీడీ స్కానర్ పెట్టి లోపాల కోడ్‌లు మాత్రమే చూసి వదలకండి. "మానిటర్లు పూర్తికాలేదు" (కారు తనను తాను పరీక్షించుకోవడం ఇంకా అవలేదు) అని చూపిస్తే, మీరొచ్చే ముందే కోడ్‌లు చెరిపేశారని అర్థం, లేదా బ్యాటరీ తీశారు.

కొనే డబ్బులో పది, పదిహేను శాతం పక్కన పెట్టుకోండి. మొదటి వారంలోనే ఇంజిన్ ఆయిల్, అన్ని ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్చాలి. టైర్లు, బ్యాటరీ దగ్గరపడితే ఆ మిగులు వాటికే సరిపోతుంది.

అపోహ: "యానాం బండి చవక, పక్కూరే కదా"

పీవై 04 బోర్డు పుదుచ్చేరిది. యానాం నుంచి అమలాపురం వచ్చినా మరో రాష్ట్రం నుంచి వచ్చినట్టే. పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచితే ఎన్ఓసీ తెచ్చి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టి, నంబరు మార్చుకోవాలి. తెలంగాణ టీఎస్, టీజీ బండ్లకూ అంతే. ఆ ఖర్చు కలిపి చూస్తే చవక ఎంత మిగిలిందో లెక్క తేలుతుంది. పాత ఏపీ 05, ఏపీ 37 బోర్డులు తూర్పు, పశ్చిమ గోదావరులవని చెప్పొచ్చు గానీ, ఏపీ 39 వచ్చాక బోర్డు చూసి జిల్లా పోల్చలేం. ఆర్‌సీలో చిరునామా చదవాల్సిందే.

పూర్తి డబ్బు ఇచ్చే రోజు యజమాని పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, అప్పుంటే అది తీరిందని చెప్పే ఫారం 35తో బ్యాంకు ఎన్ఓసీ, రెండో తాళం చెవి, ఈ-చలాన్లు కట్టిన రసీదు చేతిలో పడాలి. రెండో తాళం పోయిందంటే ధరలో కొన్ని వేలు తగ్గించమనండి, దొంగతనం ఆపే చిప్ ఉన్న ఇమ్మొబిలైజర్ తాళం కోడింగ్‌కు అంత అవుతుంది. ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోపు కంపెనీకి దరఖాస్తు పెట్టండి. అమ్మినాయన బోనస్ మీకు రాదు, అది ఆయన వెంటే పోతుంది, కాబట్టి తేడా ప్రీమియం కట్టమంటారు.