ఎస్‌ఎస్‌డీ లోపల, హార్డ్‌డిస్క్ బయట: ఎందుకంటే...

"కొత్త డెస్క్‌టాప్ కొంటున్నాం. లోపల ఎస్‌ఎస్‌డీ వేయించాలా, హార్డ్‌డిస్కా? పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు బయట దేంట్లో దాచాలి?" అని ఒక పాఠకురాలు అడిగారు.

లోపలి సంగతి తేలిక. 1 టీబీ ఎన్‌వీఎంఈ (ఎస్‌ఎస్‌డీల్లో వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ వేయించండి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్‌డిస్క్‌లో, కావలసిన చోటు డేటా చదివే హెడ్ కిందికి రావడానికే సగటున 4 మిల్లీసెకన్లు పడుతుంది. తిరిగే భాగాలే లేకుండా చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ మిల్లీసెకనులో పదోవంతుకే జవాబిస్తుంది. విండోస్ లేచేటప్పుడు వేల కొద్దీ చిన్న ఫైళ్లు చదవాలి కాబట్టి తేడా అక్కడే కనబడుతుంది. ఎస్‌ఎస్‌డీ చదివే వేగం సెకనుకు 3,500 ఎంబీయా, 7,000 ఎంబీయా అన్నది ఇంటి పనుల్లో పెద్దగా తెలియదు. ఆ డబ్బు కెపాసిటీ మీద పెట్టండి.

నాకు అసలు ఆసక్తి రెండో ప్రశ్న మీద. 1984లో తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా లోకానికి చూపిన ఫ్లాష్ మెమరీయే ఎస్‌ఎస్‌డీకి ప్రాణం. అందులోని ప్రతి సెల్ నోరే లేని మట్టికుండ అనుకోండి. నీళ్లకు బదులు ఎలక్ట్రాన్లు. నోరు లేని కుండలోకి అవి ఎలా వెళ్తాయి? సుమారు 20 వోల్టులు పెడితే, కొన్ని నానోమీటర్ల మందమున్న ఇన్సులేటర్ గోడకు చిల్లైనా పడకుండా అవతల తేలతాయి. ఇదే క్వాంటమ్ టన్నెలింగ్. డిగ్రీ ఫిజిక్స్‌లో దీన్ని ఆల్ఫా క్షయం దగ్గర ఒక సమీకరణంగా చెప్పి వదిలేస్తారు. ఫోన్లో ఫొటో సేవ్ అయిన ప్రతిసారీ జరిగేది ఇదేనని చెబితే ఆ క్లాసులో ఒక్కరైనా నిద్రపోతారా!

కుండలో మట్టం ఎంతుందో చూడటమే డేటా చదవడం. సెల్‌కు 3 బిట్లు దాచే టీఎల్‌సీలో 8 మట్టాలు, 4 బిట్లు దాచే క్యూఎల్‌సీలో 16. గీతలు దగ్గరయ్యేకొద్దీ కాస్త చెమ్మ ఊరినా ఒక గీత మట్టం పక్క గీతకు జారుతుంది. రాసి చెరిపిన ప్రతిసారీ గోడ కొంచెం దెబ్బతింటుంది, ఊట పెరుగుతుంది. వేడి తగిలితే ఇంకా పెరుగుతుంది. కరెంటు ఉన్నప్పుడు కంట్రోలర్ చిప్ మట్టాలు కనిపెట్టుకుంటూ, తగ్గినచోట డేటాను వేరే కుండల్లోకి మార్చుతుంది. డ్రైవ్‌ను బీరువాలో పెట్టేస్తే ఆ కాపలా ఉండదు.

మెమరీ చిప్‌లకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం, ఇంటి వాడకపు ఎస్‌ఎస్‌డీ తన రాత పరిమితి మొత్తం వాడేశాక కూడా, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు డేటా నిలపాలి. కొత్తదైతే అంతకంటే చాలాకాలమే నిలుపుతుంది. కానీ మే నెలలో రామగుండంలో అటక మీద 30 డిగ్రీలు ఎక్కడివి?

అలాగని ఎక్కువ రాస్తే ఎస్‌ఎస్‌డీ చచ్చిపోతుందని సినిమాలు డౌన్‌లోడ్ చేయడం కూడా మానేయడం మూఢనమ్మకమే. 1 టీబీ టీఎల్‌సీ డ్రైవ్‌లకు చాలా కంపెనీలు 600 టీబీ రాతకు హామీ ఇస్తాయి. రోజూ 50 జీబీ రాసినా 30 ఏళ్లు దాటుతుంది.

కాబట్టి బయట దాచడానికి హార్డ్‌డిస్కే కొనండి. అందులో డేటా అంటే అయస్కాంత రేణువులు ఏ దిశలో ఉన్నాయన్నదే. ఆ దిశ నిలవడానికి కరెంటు అక్కర్లేదు, ఊరి కారిపోవడానికి అందులో ఏమీ నిల్వ లేదు. దాని బలహీనత యంత్రభాగాల్లో ఉంది. తిరిగే పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులోనే హెడ్ తేలుతుంటుంది, అప్పుడు కదిపినా పడేసినా డేటా పోవచ్చు. అందుకే ఒకటి కాదు, రెండు కొనండి. ఒకటి వేరే ఊళ్లో ఉన్న అక్కయ్యగారింట్లో ఉంచండి, వరదకూ దొంగకూ రెండూ ఒకేసారి చిక్కవు.

డెస్క్‌టాప్ ఎటూ కదలదు కాబట్టి ఇంట్లో ఉండేది 3.5 అంగుళాలదైనా ఇబ్బంది లేదు. దానికి వేరే పవర్ అడాప్టర్ కావాలి, అంతే. ఊరికి పంపేది యూఎస్‌బీ కరెంటుతోనే నడిచే 2.5 అంగుళాలది తీసుకోండి. ఇవి చాలావరకు ట్రాకులను ఒకదాని మీద ఒకటి కొంత కప్పుతూ రాసే ఎస్‌ఎంఆర్ రకం. మొదటిసారి వందల జీబీలు ఎక్కించేటప్పుడు మధ్యలో బాగా నెమ్మదిస్తుంది. టెన్షన్ పడి కేబుల్ లాగేయకండి, రాత్రి మొదలుపెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతుంది.