స్కాట్లాండ్ ఇళ్లలో ఫైర్ అలారాలు: అపోహలు - వాస్తవాలు

గ్లాస్గోలో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నాను. మనవాళ్ల ఇళ్లకు వెళ్తే తరచూ వినే మాట ఇది: "మూడు అలారాలు కొని పెట్టామండీ, పోపు వేస్తే చాలు ఇల్లంతా మోత. పీకేశాం."

అపోహ: వంటింట్లోనూ స్మోక్ అలారమే పెట్టాలి.

కాదు, కాదు. వంటింట్లో ఉండాల్సింది హీట్ అలారం. 2022 ఫిబ్రవరి 1 నుంచి స్కాట్లాండ్‌లో సొంతిల్లైనా అద్దిల్లైనా రూలు ఒకటే. ఎక్కువగా కూర్చునే గదిలో ఒక స్మోక్ అలారం, ప్రతి అంతస్తులో ఉన్న ప్రతి హాల్‌వేకీ (గదుల మధ్య నడవ), ల్యాండింగ్‌కీ (మెట్లెక్కాక వచ్చే జాగా) ఒకటి, వంటింట్లో హీట్ అలారం. అన్నీ సీలింగ్‌కే బిగించాలి, ఒకటి మోగితే అన్నీ మోగేలా అన్నిటికీ లింక్ ఉండాలి.

హీట్ అలారం పొగను పట్టించుకోదు. దాని చుట్టూ వేడి దాదాపు 58 డిగ్రీలకు చేరితేనే మోగుతుంది. ఎండుమిర్చి ఘాటు, కుక్కర్ ఆవిరి దానికి లెక్కలేదు. అక్కడ స్మోక్ అలారం పెడితే తాలింపుకే మోగుతుంది, లింక్ ఉంది కనక మేడమీదదీ మోగుతుంది, నిద్రపోతున్న పసివాడు లేస్తాడు. విసుగొచ్చి అన్నీ తీసేస్తారు. అర్ధరాత్రి తలుపు మూసిన వంటింట్లో మంట లేస్తే పడకగదిలో ఉన్నవాళ్లను లేపడానికే ఈ లింక్. 2017లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఎత్తైన ఫ్లాట్ల భవనం అంటుకుని 72 మంది పోయారు. అది మొదలైందీ ఒక ఫ్లాట్ వంటింట్లోని ఫ్రిజ్ దగ్గరే. ఆ తర్వాతే ఇక్కడ ఈ రూలు వచ్చింది.

ఒకింట్లో గుంటూరు నుంచి వచ్చిన పెద్దావిడ అలారానికి షవర్ క్యాప్ తొడిగారు. "మోగితే ఫైరింజన్ వస్తుందట, డబ్బు కట్టాలట గదా బాబూ?" అని బెంగ. ఎవరు చెప్తారో ఇవన్నీ! ఇంట్లో పెట్టుకునే మామూలు అలారం ఎవరికీ ఫోన్ చెయ్యదమ్మా అని చెప్పి, హీట్ అలారం బిగించి, ఆవిడ చేతే మిరపకాయల పోపు వేయించాను. మోగలేదు. అప్పటికి గానీ ఆవిడ కుదుటపడలేదు.

మిగతావి గబగబా చెప్తాను. అద్దెకుంటే ఖర్చు ఓనరుది, మీది కాదు. ఓనరు పెట్టనంటే ఇళ్ల తగాదాలు తేల్చే హౌసింగ్ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. సొంతింట్లో లేకపోతే జైలు, కేసు అన్నది పుకారు. అయితే ఇన్సూరెన్స్ పాలసీలో అలారాల గురించి ఏం రాశారో చదువుకోండి. లండన్‌లో మా బావగారింట్లో లేవంటారు కొందరు. ఇంగ్లండ్ చట్టం వేరు. అలారాల లింక్‌కు వైఫై అక్కర్లేదు. గ్యాస్ బాయిలర్ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం కూడా తప్పనిసరి, దానికి మాత్రం లింక్ అవసరం లేదు.

పదేళ్ల సీల్డ్ బ్యాటరీవి మీరే బిగించుకోవచ్చు, గోడకు, లైటుకు 30 సెంటీమీటర్ల దూరం ఉంచండి. మూడు బెడ్‌రూమ్‌ల ఇంటికి దాదాపు 220 పౌండ్లవుతుందని అప్పట్లో ప్రభుత్వం వేసిన లెక్క. కరెంటుకు కలిపేవైతే ఎలక్ట్రీషియన్‌నే పిలవండి. అన్నీ ఒకే కంపెనీవి కొనండి, వేర్వేరు కంపెనీలవి సాధారణంగా లింక్ కావు. బిగించాక ఒకదాని టెస్ట్ బటన్ నొక్కి పట్టుకోండి. మిగతావి మోగకపోతే లింక్ కుదరలేదన్నమాట, మళ్లీ జత చెయ్యాలి.